ఎనిమిది గంటల పొద్దు

అమ్మాయి పురిటికని మే నెలాఖరులో డల్లాస్ బయల్దేరాం, నేనూ మా ఆవిడా. రాత్రి తొమ్మిదిన్నరకి శంషాబాద్‌లో ఎక్కితే, దుబాయిలో మారి, మర్నాడు పొద్దున పదింటికి దిగుతామని టికెట్లో ఉంది. "పన్నెండున్నర గంటలేనా! కాకినాడ నుంచి హైదరాబాదుకి రైల్లోనే ఇంచుమించు అంత పడుతుంది కదండీ" అంది.

ముప్ఫయ్యేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పినవాణ్ణి, ఊరుకోలేకపోయాను. మన దేశపు గడియారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది. అది మన కాకినాడ దగ్గరగానే పోతుంది. డల్లాస్ గడియారం 90 డిగ్రీల పడమటిది. మధ్యన 172½ డిగ్రీలు. పదిహేనింటికో గంట చొప్పున పదకొండున్నర గంటలు. వేసవిలో వాళ్లు గడియారం ఓ గంట ముందుకి తిప్పుకుంటారు గనక పదిన్నర. అది కలిపితే ప్రయాణం 23 గంటలు! కాగితం మీద వేసి చూపిస్తే ఆవిడ మాత్రల డబ్బా మళ్లీ సర్దుకుంది.

దుబాయికి 2,550 కిలోమీటర్లు, మూడుముప్పావు గంటలు. అక్కడ మూడు గంటలు కూర్చున్నాం. అసలు ప్రయాణం ఆ తర్వాతిదే: దాదాపు 12,900 కిలోమీటర్లు, పదహారు గంటల పైమాట.

విమానం లేచాక ఎదురుగా తెర మీద మ్యాపు చూసి ఆవిడ కంగారు పడింది. "అమెరికా పడమర కదా, ఇతనేంటి ఉత్తరానికి పోతున్నాడు?" ట్రేలో గుండ్రటి బన్ను ఉంటే దాని మీద వేలితో గీసి చూపించాను. చదును మ్యాపులో అడ్డంగా గీత గీస్తే సహారా, అట్లాంటిక్ మీదుగా పోవాలి. గ్లోబు మీద దారం బిగించి చూస్తే అది ఆర్కిటిక్ వలయం దాకా ఎక్కి దిగుతుంది. అదే దగ్గర దారి. పద్దెనిమిది వందల కిలోమీటర్లకు పైగా కలిసొస్తుంది. ఎన్నో ఏళ్లు పిల్లలకి దారంతో చూపించిన సంగతి, నేను స్వయంగా ఆ దారం మీద కూర్చుని పోతున్నాను. నిద్ర ఎలా పడుతుంది?

సగం దారిలో కిటికీ తెర ఎత్తాను. కింద గ్రీన్‌లాండ్. కంటికానినంత మేరా మంచు, దాని మీద లేత నారింజ ఎండ. ఆవిణ్ణి తట్టి లేపాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఆ పొద్దు ఇక తరగలేదు. సూర్యుడితో పాటు మేమూ పడమరకి పోతున్నాం కదా, ఎనిమిది గంటలు గడిచినా ఉదయమే. ఎదురుగాలి వల్ల వెళ్లేటప్పుడే ఆలస్యం. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోసి దాదాపు గంటన్నర తగ్గించింది.

చక్రాలు నేలకి తగిలేసరికి అక్కడ పొద్దున పది. మాత్రల కోసం ఆవిడ మన టైములోనే ఉంచుకున్న వాచీలో రాత్రి ఎనిమిదిన్నర. బయట నిండు కడుపుతో అమ్మాయి నిలబడి ఉంది. దాన్ని చూడగానే ఆవిడ ముందు అడిగింది, "పొద్దున్నే ఏమన్నా తిన్నావా?" అని.