చీరలకని చెప్పి తీసుకెళ్లారు

ఆ ధనుర్మాసంలో మా వీధి మొత్తంలో పెద్ద ముగ్గు నాదే. ముందు నాలుగింటికి లేచేదాన్ని, తర్వాత రెండింటికి, చివరికి పడుకోవడమే మానేశాను. ముగ్గు మా వాకిలి దాటి, పక్కింటి వాకిలీ దాటి, వీధి మలుపు దాకా పోయింది. "ఎంత ఓపికమ్మా నీకు!" అని అందరూ మెచ్చుకునేవాళ్లు. ముగ్గేసే నెలలో అది జబ్బని ఎవరికి తడుతుంది? మాట ఆగేది కాదు. బడిలో టీచర్లందరికీ పట్టుచీరలు పెట్టాలని నాలుగు గాజులు తాకట్టు పెట్టేశాను.

భోగికి రెండు రోజుల ముందు అక్క వచ్చి, "పండక్కి చీరలు తీసుకుందాం పదవే" అంది. బావగారు కారు నడుపుతున్నారు. మావారు నా పక్కనే కూర్చుని చెయ్యి వదల్లేదు. "అక్కా, కొట్టు దాటిపోయింది" అన్నాను. అక్క వెనక్కి తిరగలేదు.

అదొక ప్రైవేటు ఆసుపత్రి. సంతకం పెట్టనన్నాను. చున్నీ, పిన్నీసులు, పుస్తెలతాడు తీసి అక్క చేతిలో పెట్టారు. మెట్టెలు రాకపోతే నర్సు సబ్బు రాసి లాగింది. అల్లరి చేసే పిల్లల్ని "ఎర్రగడ్డకు పంపిస్తా" అని బెదిరించినదాన్ని నేనే.

రోగి ఒప్పుకోకపోయినా చేర్చుకోవడానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 89వ సెక్షన్ ఉంది. ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు కావాలి. ఆ సెక్షన్ కింద 30 రోజులకు మించి ఉంచకూడదు. ఆడవాళ్లను చేర్చుకుంటే 3 రోజుల్లో మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు తెలపాలి. చేర్చుకోవడం మీద ఆ బోర్డుకు మనమూ అర్జీ పెట్టుకోవచ్చు. ఇదంతా ఇంటికొచ్చాక చదువుకున్నదే, అక్కడ ఒక్కరూ చెప్పలేదు.

ఇంజెక్షన్లతో నిద్ర వచ్చింది. బైపోలార్ అన్నారు, అంటే మనసు కొన్నాళ్లు మితిమీరి ఉప్పొంగి, కొన్నాళ్లు కుంగిపోయే జబ్బు. లిథియం అనే మందు మొదలుపెట్టారు. పంతొమ్మిదో రోజున ఇంటికొచ్చాను. ఎన్ని నీళ్లు తాగినా దాహమే. మందు మోతాదు సరిపోయిందో లేదో చూడ్డానికి మాటిమాటికీ రక్తపరీక్ష. బడికెళ్లి బోర్డు మీద 'క' రాస్తే తలకట్టు వంకర్లు పోయింది, చెయ్యి అంత వణికింది. వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు.

చేర్చడం తప్పని నేననను. ఆలస్యం చేస్తే మిగతా గాజులూ పోయేవి, బహుశా నేనూ. కానీ చాన్నాళ్లు అక్కతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. చివరికి ఓ రోజు, చీరలకని అబద్ధం ఎందుకు చెప్పావని అడిగేశాను.

"నిజం చెబితే వచ్చేదానివా?"

"రాను."

"మరేం చెయ్యమంటావే?"

నా దగ్గర జవాబు లేదు. అందుకే నెల తిరిగాక తెల్లకాగితం తీసుకుని, నాకు మళ్లీ బాగోలేకపోతే నా తరఫున అక్కే చూసుకోవాలని రాశాను. దానికీ చట్టంలో వీలుంది, తన ఒప్పుకోలు కూడా రాతలో కావాలి. చివర్లో ఒక మాట చేర్చాను: 'చీరలకని చెప్పొద్దు. ఆసుపత్రికనే చెప్పు. తిడతాను, అయినా తీసుకెళ్లు.'

అక్క రెండుసార్లు చదివి సంతకం పెట్టింది. కాగితం మడుస్తూ, "అక్షరాలు మళ్లీ కుదురుతున్నాయే నీకు" అంది.