హుండీ కానుకకు పేరుండదు: మా రామాలయానికి పన్ను మినహాయింపు కోసం 12ఏబీ రిజిస్ట్రేషన్ తెచ్చుకున్న అనుభవం

శ్రీరామనవమి మర్నాడు హుండీ విప్పడం మా ఊరి ఆనవాయితీ. మండపంలో చాప పరిచి, పెద్దల ఎదుట గుమ్మరించి, నోట్లు ఒక వైపు, చిల్లర ఒక వైపు పోగులు పెడతాం. 2024లో అలా లెక్కిస్తూ ఉండగా నా చేతికి పసుపు గుడ్డలో కట్టిన ముడుపు ఒకటి తగిలింది. ముడి విప్పితే రెండు ఐదువందల నోట్లు, కాసిని అక్షింతలు. ఎన్నాళ్లు దాచుకున్నారో ఏమో, నోట్ల మడతల్లోకి పసుపు ఇంకిపోయి ఉంది. ఎవరు వేశారో తెలియదు. తెలియకూడదనే అలా వేస్తారు. రెండు రోజుల క్రితం మా ఆడిటర్‌గారు ఫోన్లో అడిగిన మాట గుర్తుకొచ్చి మనసు బరువెక్కింది. "మాస్టారూ, విరాళాలిచ్చిన వాళ్ల పేర్లు, చిరునామాలు అన్నీ ఉన్నాయి కదా?"

రసీదు రాయించుకున్న వాళ్లవి ఉన్నాయి. హుండీలో వేసిన వాళ్లవి ఎక్కడి నుంచి తేను?

పాత రామాలయం గోడలు బీటలు వారడంతో 2021 చివర్లో ఊరంతా కలిసి ట్రస్టు పెట్టుకున్నాం. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దస్తావేజు రిజిస్టరు చేయించాం. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి ఊళ్లోనే ఉంటున్నానని కోశాధికారి బాధ్యత నాకు అప్పగించారు. గుడి డబ్బుకు పన్నేమిటని ఊళ్లో అందరూ అన్నట్టే నేనూ అన్నాను. కానీ చట్టం దృష్టిలో ట్రస్టుకు వచ్చే చందా కూడా ఆదాయమే. అప్పుడు అమలులో ఉన్న 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 11 ఇచ్చే మినహాయింపు కావాలంటే ముందు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఒకప్పుడు దాన్ని 12ఏ అనేవారు, తర్వాత 12ఏఏ అయింది, 2021 ఏప్రిల్ 1 నుంచి 12ఏబీ అయింది. నేను చెప్పే సెక్షన్లు, ఫారాల నంబర్లన్నీ ఆ చట్టంలోవే; 2026 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. పాత రోజుల్లో ఒకసారి వస్తే అలాగే ఉండిపోయేది. మేము దరఖాస్తు పెట్టిన నాటికి మొదట మూడేళ్లకు తాత్కాలికంగా ఇచ్చేవారు, ఆ తర్వాత అయిదేళ్లకు ఒకసారి మళ్లీ తెచ్చుకోవాల్సి ఉండేది.

తాత్కాలికం సులువుగానే వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫారం 10ఏ నింపి, దస్తావేజు, పాన్ కార్డు జతచేశాం. కొన్ని వారాల్లో ఉత్తర్వు చేతికి వచ్చింది. ఆ సులువే మమ్మల్ని ఏమరుపాటులో పడేసింది. కార్యక్రమాలు మొదలైన ఆరు నెలల్లోగా ఫారం 10ఏబీ వేసి పూర్తి రిజిస్ట్రేషన్ అడగాలని మాకు తెలియదు. స్లాబు పనులు, విగ్రహాల పనుల్లో పడి రెండేళ్లు గడిచిపోయాయి. ఆ రాముడే కాపాడాడని నేను నమ్ముతాను. 2024 ఏప్రిల్ 25న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చి, గడువు తప్పిన వారికి జూన్ 30 వరకు అవకాశం కల్పించింది.

దస్తావేజు చూసి ఆడిటర్‌గారు రెండు లోపాలు పట్టుకున్నారు. ట్రస్టు ఎప్పుడైనా మూతపడితే ఆస్తి ఎవరికి చెందుతుందో అందులో లేదు. ట్రస్టీలు గాని వారి బంధువులు గాని ట్రస్టు సొమ్ముతో లాభం పొందకూడదన్న మాటా లేదు. "మేమెవరం తింటాం, ఊరి గుడి డబ్బు?" అని ఒకాయన నొచ్చుకున్నారు. నొచ్చుకోవలసిన పని లేదు. మన తర్వాత వచ్చే వాళ్ల కోసం రాసే మాట అది. సవరణ దస్తావేజు రిజిస్టరు చేయించాం. దేవాదాయ చట్టం సెక్షన్ 43 కింద మా గుడికి అంతకుముందే నమోదు ఉండడం మేలైంది. ఆ పత్రం లేకపోతే దరఖాస్తు అక్కడే ఆగేది. కొత్తగా గుడి కడుతున్న వాళ్లకు నేను ముందు చెప్పేది ఈ పత్రం గురించే.

అసలు గొడవ 80జీ దగ్గర వచ్చింది. ట్రస్టుకు 12ఏబీ ఉంటే ట్రస్టుకు పన్ను తప్పుతుంది. దాతకు రాయితీ రావాలంటే 80జీ కావాలి. హైదరాబాదులో స్థిరపడిన మా ఊరి వాళ్లు కొందరు "80జీ రసీదు ఇస్తే లక్షల్లో ఇస్తాం" అన్నారు. అయితే ఒక మతానికి సంబంధించిన పనుల కోసం పెట్టిన ట్రస్టుకు 80జీ రాదు. సేవా ట్రస్టుకు వస్తుంది గాని, అది తన ఆదాయంలో మతపరమైన పనులకు 5 శాతానికి మించి ఖర్చు పెట్టకూడదు. పేరు మోసిన కొన్ని ఆలయాల మరమ్మతులకు కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తుంది, మనలాంటి ఊరి గుడికి ఆ దారి లేదు. అప్పుడు కమిటీలో ఒక సభ్యుడు, బడి, వైద్య శిబిరాలు ముఖ్య ఉద్దేశాలుగా దస్తావేజు తిరగరాద్దామని పట్టుబట్టారు.

ఆ వారం నేను ఆడిటర్‌గారి కార్యాలయంలో కూర్చుని ఉండగా పక్క మండలం నుంచి ఒక పాస్టరుగారు వచ్చారు. ఆయన చేతిలోనూ అదే ఫారం, ముఖంలో అదే దిగులు. "ఆదివారం కానుకల సంచి వరుసల మధ్య తిప్పుతాం మాస్టారూ. ఎవరు ఎంత వేశారో మేము చూడం. కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని మా వాక్యం" అన్నారు. గుప్తదానం గొప్పదని మా పెద్దలు చెప్పేదీ ఇదే కదా అన్నాను. ఆడిటర్‌గారు లావుపాటి పుస్తకం తెరిచి సెక్షన్ 115బీబీసీ మా ఇద్దరి ముందూ పెట్టారు. పేరు, చిరునామా లేని విరాళాలు సేవా ట్రస్టుకు వస్తే, మొత్తం విరాళాల్లో 5 శాతం లేదా లక్ష రూపాయలు, ఏది ఎక్కువైతే అది దాటిన సొమ్ముపై 30 శాతం పన్ను. పూర్తిగా మతపరమైన పనుల కోసమే పెట్టిన సంస్థకు ఈ పన్ను వర్తించదు. గుడి అయినా, చర్చి అయినా, మసీదు అయినా, గురుద్వారా అయినా ఒకటే మాట. పాస్టరుగారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకున్నారు. నేను దాన్ని నా డైరీలో రాసుకున్నాను.

అంటే 80జీ కోసం సేవా ట్రస్టుగా రూపం మార్చుకుంటే, మా హుండీ మీద పన్ను పడుతుంది. కమిటీలో ఈ సంగతి చెప్పినప్పుడు మా అధ్యక్షులు, డెబ్బై ఆరేళ్ల పెద్దాయన, "పేరు రాయించుకునే వాడి రాయితీ కోసం, పేరు చెప్పని వాళ్ల ముడుపులో వాటా కోయిస్తామా?" అన్నారు. దాంతో చర్చ ముగిసింది. అమెరికా పౌరసత్వం తీసుకున్న మా ఊరి పిల్లలు గోపురానికి పంపుతామన్న డబ్బునూ ఆపమన్నాం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేకుండా అది తీసుకోకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్న వాళ్లు తమ సంపాదన మామూలు బ్యాంకు ద్వారా పంపితే ఆ అడ్డంకి లేదు.

ఈలోగా ఊళ్లో ఇంకో మాట పుట్టింది, గుడికి ప్రభుత్వం డబ్బు ఇస్తోందని. పన్ను మినహాయింపు వేరు, ప్రభుత్వ సాయం వేరు. పక్క ఊరి శివాలయానికి ధూప దీప నైవేద్యం పథకం కింద సాయం వస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో నెలకు 2,500 రూపాయలతో మొదలై, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు 10,000 అయింది. ఆదాయం లేని ఆ గుడిలో రెండు పూటలా దీపం వెలుగుతోందంటే ఆ సాయమే కారణం. మాకు అది లేదు, మేము అడగనూ లేదు. ఇంకా అవసరంలో ఉన్న గుళ్లు చాలా ఉన్నాయి.

జూన్ చివరి వారంలో 10ఏబీ వేశాం. సెప్టెంబరులో పోర్టల్‌లో నోటీసు వచ్చింది. మూడేళ్ల లెక్కలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బిల్లులు, ఫొటోలు, గుర్తు తెలియని విరాళాలపై వివరణ అడిగారు. ఇక్కడ మమ్మల్ని నిలబెట్టింది హుండీ రిజిస్టరు. విప్పిన తేదీ, ఏ నోట్లు ఎన్ని, చిల్లర ఎంత, ఎదుట ఉన్న అయిదుగురి సంతకాలు, మర్నాడే బ్యాంకులో జమ చేసిన చలానా. ఇచ్చిన వాళ్ల పేరు లేకపోయినా లెక్కపెట్టిన వాళ్ల పేర్లు ఉన్నాయి. ప్రతి పేజీ స్కాను చేసి, సెక్షన్ పేర్కొంటూ జవాబు పెట్టాం. డిసెంబరులో అయిదేళ్లకు ఉత్తర్వు వచ్చింది. 2025 ఏప్రిల్ నుంచి దరఖాస్తు చేసే చిన్న ట్రస్టులకు, అంటే ముందు రెండేళ్లలో ఒక్కో ఏడాది ఆదాయం 5 కోట్లు దాటని వాటికి, పదేళ్లకు ఇస్తున్నారు.

ఏటా వచ్చిన దానిలో 85 శాతం ఆ ఏడే ఖర్చు చేయాలి. గోపురం కోసం దాచుకోవాలంటే గడువులోగా ఫారం 10 వేయాలి. ఆ తేదీలు ఇప్పుడు మండపం గోడ మీద, పండుగల పట్టిక పక్కనే రాయించాను. పాస్టరుగారి సొసైటీకీ ఉత్తర్వు వచ్చిందట, ఫోను చేసి చెప్పారు. రిజిస్టరు గీతలు ఎలా గీశామో పంపమన్నారు. ఒక పేజీ ఫొటో తీసి పంపాను.