'బాగానే ఉంది' గడి

ఈరోజు ఐదో పీరియడ్ లీజర్. బీరువా సర్దమని హెడ్మాస్టర్ సార్ వారం నుంచి పోరు పెడుతున్నారు. కింది అరలో పాత ప్రశ్నపత్రాల అడుగున నా 2020 నాటి లాంగ్ నోట్‌బుక్ దొరికింది. కరోనాకు బడులు మూసి ఉండటంతో ఆ సెప్టెంబర్ 1 నుంచి టీశాట్ చానల్లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చేవి. పిల్లలు చూశారో లేదో ఫోన్లు చేసి రాసుకునేదాన్ని. పేరు, ఫోన్ ఎవరిది, పాఠం చూశారా, పరిస్థితి అని గళ్లు గీసుకున్నాను.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె పేరు ఎదురుగా, 'పరిస్థితి' గడిలో పదకొండు సార్లు 'బాగానే ఉంది' అని రాసుంది. నా చేతిరాతే.

ఫోన్ వాళ్ల నాన్నది. ఎప్పుడు చేసినా ఆయనే ఎత్తి స్పీకర్ పెట్టేవాడు. "ఎట్లున్నవ్ రా?" అంటే కాసేపు ఏమీ వినపడేది కాదు. తర్వాత "మంచిగున్న టీచర్" అనేది. మధ్యలో ఆ కాసేపూ సిగ్నల్ లేదనుకున్నా. అనుకున్నానో, అలా అనుకుంటే నాకు సుఖమో.

బడి నడిచే రోజుల్లో ఇలాంటివి మా వంటామె ముందు పసిగట్టేది. "టీచర్, గా పిల్లగాడు సోమవారమొస్తే మూడుసార్లు అన్నం పెట్టించుకుంటడు, జర అడుగుండ్రి" అనేది. పిల్లలు తమంతట తాము నోరు విప్పి చెప్పడం ఇన్నేళ్ల సర్వీసులో రెండు మూడు సార్లే చూశాను. ఎవరో ఒక పెద్దమనిషి కంట పడాలి, అంతే. 2020 మార్చి 16న బడులు మూశాక ఆ కళ్లన్నీ ఇళ్లల్లోనే ఉండిపోయాయి. అంగన్‌వాడీ టీచర్లు, ఆశా వర్కర్లు జ్వరాల సర్వేల్లో పడ్డారు. ఆ నెల 20 నుంచి 31 వరకు పిల్లల హెల్ప్‌లైన్ చైల్డ్‌లైన్ 1098కి దేశమంతా కలిపి 3.07 లక్షల కాల్స్ వచ్చాయని అప్పట్లో పేపర్లో చదివాను. అయ్యో అనుకున్నాను. ఉన్న ఒక్క ఫోనూ తండ్రి చొక్కా జేబులో ఉండే ఇంటి నుంచి ఆ నంబర్‌కి ఎవరు చేస్తారన్నది మాత్రం నాకు తట్టలేదు.

నేను చేయొచ్చు. ఆ నంబర్ మా వరండా గోడ మీదే రాసుంది. రుజువేదీ అని ఆగాను. అనుమానం ఉంటే చాలు, విచారించడం వాళ్ల పని. తెలిసీ ఆగాను.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు. ఆ పిల్ల వచ్చింది. మూడో రోజు వంటామె నా దగ్గరికొచ్చి, "అన్నం తినేటప్పుడు గోడ దిక్కు తిరిగి కూసుంటుంది టీచర్, మాస్కు గదుమ కిందికి దించుతలేదు" అంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. మాస్కు తనే తీసింది.

ఆ మధ్యాహ్నం వరండాలోంచే 1098కి ఫోన్ చేశాను. వాళ్లొచ్చారు, బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్లారు. తర్వాత పిల్ల అమ్మమ్మ ఊరికి వెళ్లింది. టీసీ నేనే రాశాను. కారణం దగ్గర 'నివాసం మార్పు' అని రాశాను. ఇంకేం రాస్తాం అక్కడ?

నోట్‌బుక్ పారేయలేదు, మళ్లీ అదే అరలో పెట్టాను.

మధ్యాహ్నం అటెండెన్స్‌లో ఆరో తరగతి పిల్లాడొకడు మూడో రోజూ ఆబ్సెంట్. ఫోన్ చేస్తే వాళ్లమ్మ "జరమొచ్చింది మేడమ్" అంది. సరే అని పెట్టేశాను. సాయంత్రం బస్సుకు ఇంకా టైముంది కదా అని వాళ్ల గల్లీ మీదుగా నడిచాను. నిజంగానే జ్వరం. గడపలో కూర్చుని చాయ్‌లో రస్కు ముంచుకుని తింటున్నాడు. నన్ను చూసి రస్కు వెనక దాచాడు.