తలా రెండు వేలు వేసే ముందు

ఆదివారం పొద్దున నల్లగొండలో బాస్కెట్‌బాల్ ఆట అయ్యాక చాయ్ తాగుతుంటే మా తమ్ముళ్లు ఒకటే పోరు. "అన్నా, ఈసారి టోర్నమెంట్‌కి హైదరాబాద్ నుంచి బాగా పాయింట్లు కొట్టే ఆటగాణ్ణి తెద్దాం, తలా రెండు వేలు వేసుకుందాం." వద్దన్నాను. ఎందుకో అక్కడ సరిగ్గా చెప్పలేకపోయాను.

నాలుగేళ్ల కింద మిర్యాలగూడ టోర్నమెంట్‌కి ఇదే పని చేశాం. పదిహేను వేలు ఇచ్చాం, రానుపోను ఖర్చులు వేరే. వచ్చిన పిల్లవాడు బాగా ఆడతాడు, అందులో మాట లేదు. సెమీస్‌లో ఒక్కడే ముప్పై పాయింట్లు దాటించాడు. అయినా ఓడిపోయాం. మావాడొకడు కార్నర్‌లో రెండు చేతులూ ఛాతీ దగ్గర పెట్టుకుని పాస్ కోసం నిలబడ్డాడు. మొదటి క్వార్టర్ అంతా అట్లనే ఉన్నాడు. రెండో క్వార్టర్‌కి ఆ చేతులు నడుం మీదికి వచ్చాయి. మూడో దానికి డిఫెన్స్‌కి ఉరకడం కూడా మానేశాడు. ఇంకో తప్పు, కొత్త మనిషికి చోటివ్వడానికి రీబౌండ్లు, అంటే బుట్టలో పడకుండా తిరిగొచ్చే బంతులు, పట్టే మా ఆటో నడిపే తమ్ముణ్ణి బెంచ్ మీద కూర్చోబెట్టాం.

అమెరికాలో ఎన్‌బీఏ లీగ్‌లో ఆడే ఫీనిక్స్ సన్స్ టీమ్ చేసిందీ ఇదే, కాకపోతే కోట్ల డాలర్లలో. 2023 ఫిబ్రవరిలో స్టార్ స్కోరర్ కెవిన్ డ్యురాంట్ కోసం తన ఆటగాళ్లు మికాల్ బ్రిడ్జెస్‌నూ క్యామ్ జాన్సన్‌నూ నాలుగు ఫస్ట్ రౌండ్ పిక్‌లనూ (కొత్త కుర్రాళ్లను ముందుగా ఎంచుకునే అవకాశాలు) ఇచ్చేసింది. పక్కన డెవిన్ బుకర్ అనే స్కోరర్ ఉన్నా చాలదని ఆ వేసవిలోనే ఇంకో స్కోరర్ బ్రాడ్లీ బీల్‌ను తెచ్చింది. ఆ సీజన్‌కి శాలరీ క్యాప్, అంటే టీమ్ జీతాలకు లీగ్ పెట్టిన పరిమితి, సుమారు 13.6 కోట్ల డాలర్లు. ఈ ముగ్గురి జీతాలే 13 కోట్లు. ఇక మంచి డిఫెండర్‌ని దేంతో కొంటారు? 2024 ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే మిన్నెసోటా టీమ్ 4-0తో ఇంటికి పంపింది. తర్వాతి సీజన్‌లో 46 ఓటములు, ప్లేఆఫ్సే లేవు. బీల్ ఒప్పుకోకుండా అతన్ని వేరే టీమ్‌కి ట్రేడ్ చేయకూడదని కాంట్రాక్టులోనే ఉంది, చివరికి 2025లో బైఅవుట్ చేసుకోవాల్సి, అంటే డబ్బిచ్చి కాంట్రాక్టు తెంపుకోవాల్సి వచ్చింది. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

స్టార్ వద్దని నేననను. ఎన్‌బీఏలోనే నికోలా యోకిచ్ లాంటివాడు దొరికితే ఎంతైనా పెట్టొచ్చు, అతని పాస్‌తో పక్కవాడి షాట్ కూడా పడుతుంది. పాయింట్లు మాత్రమే తెచ్చేవాడికి మాత్రం అంత పెట్టొద్దు.

మా ఆటో తమ్ముడి బూట్లు పోయిన నెల నుంచి అడుగు ఊడి ఉన్నాయి, దారంతో కట్టుకుని ఆడుతున్నాడు. తలా రెండు వేలు వేసేదే అయితే ముందు వాడికి బూట్లు కొందాం.