రాడార్ ఛాంబర్ క్యాలిబ్రేషన్: నా అనుభవం

మా పని ఏందంటే, ఒక చిన్న డ్రోన్ మోడల్ ఎంత రాడార్ రిఫ్లెక్షన్ ఇస్తదో (అదే ఆర్‌సీఎస్) 8 నుంచి 12 గిగాహెర్ట్జ్ దాకా కొలవాలె. హన్మకొండల మేం వాడుకునే ల్యాబ్‌ల చిన్న అనెకోయిక్ ఛాంబర్ (రేడియో తరంగాలు గోడలకు తగిలి వాపస్ రాకుండ చేసిన గది) ఉన్నది, గోడల నిండ వాటిని పీల్చుకునే కార్బన్ ఫోమ్ పిరమిడ్లే. కానీ వీఎన్ఏ (సిగ్నల్ పంపి, తిరిగొచ్చింది ఎంతో కొలిచే మిషను) చూపించేది ఉత్త డీబీ నంబరు, దాంట్ల యాంటెన్నా గెయిన్, కేబుల్ లాస్, దూరం అన్నీ కలిసే ఉంటయ్, అందుకని ఆర్‌సీఎస్ ముందే తెలిసిన వస్తువును అదే జాగల పెట్టి దాంతోటి పోల్చుకోవాలె.

ఆ వస్తువు లోహపు గోళం. ఎటు తిప్పినా ఒకటే, వేవ్‌లెంగ్త్ కంటె బాగ పెద్దగ ఉంటే ఆర్‌సీఎస్ అంటే π r² (r అంటే రేడియస్), అంతే. 30 సెంటీమీటర్ల డయామీటర్‌కు 0.0707 చదరపు మీటర్లు, అంటే మైనస్ 11.5 డీబీఎస్ఎమ్ (ఒక చదరపు మీటరుతోటి పోల్చి డీబీల చెప్పే లెక్క). కొనుడు మనతోటి అయ్యేది కాదని పెంబర్తిల ఇత్తడి రేకు పనిచేసే ఒకాయనతోటి రెండు డిప్పలు కొట్టించి అతికించినం. "చేత్తో కొట్టింది పనికొస్తదారా" అన్నడు మా సార్, లెక్కేస్తే రేడియస్ 1 శాతం తేడా వచ్చినా 0.1 డీబీ లోపే. అసలు భయం సొట్టలదే, అందుకే తిప్పి తిప్పి కొలిచినం, స్క్రీన్ మీద గీత పెద్దగ కదల్లేదు.

మస్తు తిప్పలు పెట్టింది మాత్రం బ్యాక్‌గ్రౌండ్. ముందు వస్తువును నిలబెట్టే థర్మోకోల్ స్తంభాన్ని ఖాళీగ కొలిచి, గోళం పెట్టి మల్ల కొలిచి, దీంట్లకెల్లి దాన్ని తీసెయ్యాలె, అదీ ఫేజ్‌తోటి (తరంగం ఏ దశల ఉన్నదో దాంతోటి) సహా. ఏసీ ఆగుతాంటే మొదలైతాంటే కేబుల్ ఫేజ్ జరిగిపోతది, ఇగ తీసివేత ఏం కుదురుతది? వీఎన్ఏను మంచిగ వేడెక్కనిచ్చి, ఏసీ ముట్టుకోకుండ, రెండు కొలతలు వెంటవెంటనే తీస్తే అప్పుడు లైనుకొచ్చింది. మిగిలింది టైమ్ గేటింగ్‌తోటి పోయింది: గోళం 6 మీటర్ల దూరంల ఉంటే దాని ఎకో 40 నానోసెకన్లకు వస్తది, ఇంకో 2 మీటర్లు వెనకున్న గోడది 53కు, నడుమ కట్ చేసుడే.

నమ్మకం కుదిరింది మాత్రం 15 సెంటీమీటర్ల గోళం పెట్టినంకనే. సైజు సగమైతే 6 డీబీ తగ్గాలె, మాకు సగటున 5.8 తగ్గింది. క్రాస్ పోలరైజేషన్‌కు (నిలువుగ ఊగే తరంగం పంపితే అడ్డంగ ఊగుతూ తిరిగొచ్చేది కొలిచేటందుకు) గోళం పనికిరాదు, దానికి డైహెడ్రల్ (లంబకోణంల కలిసిన రెండు లోహపు పలకలు) కావాలె, అది ఇంక చేయించలే. ఇప్పుడైతే డ్రోన్ కొలిచే ముందొకసారి, అయినంక ఒకసారి పెద్ద గోళం పెడ్తున్నం, రెండిటి నడుమ అర డీబీ దాటితే ఆ పూట డేటా పక్కకే.