జాక్విన్ పేరున్న వీధిలో మా పామాయిల్ చెట్టు

వియన్నాలో మిగిలిన ఒక్క పగలును బెల్వెడేర్ ప్రాసాదానికే కేటాయించమని స్నేహితులందరూ చెప్పినా, నేను మాత్రం దాని పక్కనే ఉన్న విశ్వవిద్యాలయ వృక్షోద్యానం కోసం 71వ నంబరు ట్రామెక్కి రెన్‌వెగ్‌లో దిగాను. జంగారెడ్డిగూడెం దగ్గర మా పామాయిల్ తోటకు ఒకసారి వచ్చిన కరపత్రంలో ఆ చెట్టు శాస్త్రీయ నామం చివర 'జాక్.' అన్న పొడి అక్షరాలు ఉండేవి. అవి ఎవరివని నాన్నగారు అడిగితే ఆనాడు జవాబు చెప్పలేకపోయాను. అవి ఆ చెట్టుకు పేరు పెట్టిన వృక్షశాస్త్రవేత్త నికొలౌస్ యోజెఫ్ ఫాన్ జాక్విన్‌వి. ఉద్యానం పక్క వీధికి కూడా ఆయన పేరే పెట్టారు.

అంతలో వాన అందుకుంది. తలదాచుకున్న హోటల్లో ఒక్క కాఫీకి ఐదు యూరోలకు పైగా వదిలాయి. ఆ డబ్బుతో మా ఊళ్లో ఇంటిల్లిపాదికీ టిఫిన్లు పెట్టించవచ్చు. ఆ చికాకుతోనే ఉద్యానంలో తడి బల్ల మీద కూర్చుంటే, పక్కన గొడుగు ముడుస్తున్న ఒక వృద్ధురాలు, ఎవరి కోసం వచ్చానో విని, "ఓ, మోజార్ట్ స్నేహితుడి తండ్రి!" అన్నది.

ఆవిడ మాట అబద్ధం కాదు. జాక్విన్ కొడుకు గాట్‌ఫ్రీడ్ సంగీతకర్త మోజార్ట్‌కు ఆప్తుడు, కూతురు ఫ్రాంజిస్కా ఆయన శిష్యురాలు. 1786 నాటి క్లారినెట్, వియోలా, పియానో త్రయంలో పియానో భాగం ఆమె కోసం రాసిందే. అయినా నాకు ఒళ్లు మండింది. హాలండ్‌లోని లైడెన్‌లో 1727లో పుట్టి, ఈ ఉద్యానం వెలసిన 1754లోనే చక్రవర్తి పనుపున, షోన్‌బ్రున్ రాజప్రాసాదపు తోటలకు మొక్కలూ జంతువులూ తేవడానికి కరీబియన్ దీవులకు బయలుదేరి, 1759లో గాని తిరిగిరాని మనిషి, తాను స్థిరపడిన ఈ వియన్నాలోనే కొడుకు స్నేహితుడి పేరుతో గుర్తుండిపోవడమా?

అందుకే ఆవిడకు మా చెట్టు కథ చెప్పాను. ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటి మార్టినిక్ దీవి చేరిన ఆ చెట్టును ఆయన అక్కడ చూసి, 1763లో అచ్చయిన గ్రంథంలో వర్ణించి, గ్రీకులు ఆలివ్‌ను పిలిచే మాటతో 'ఎలేయిస్' అనీ, పుట్టిన నేలను బట్టి 'గినీన్సిస్' అనీ పేరు పెట్టాడు. అదే ఏడు నేటి స్లొవాకియాలోని షెమ్నిట్స్ గనుల పాఠశాలలో రసాయనశాస్త్రం బోధించడానికి వెళ్లాడు. బట్టీలో కాలిన సున్నపురాయి బరువు తగ్గడానికి దానిలో బంధమై ఉన్న గాలి బయటికి పోవడమే కారణమన్న స్కాట్లాండ్ రసాయనవేత్త జోసెఫ్ బ్లాక్ వాదాన్ని తాను పరీక్షించి, 1769లో పుస్తకం వేసి సమర్థించాడు. ఆ గాలినే నేడు మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్నాం. తరువాత వియన్నాకు మారి ఈ ఉద్యానాన్ని దశాబ్దాల పాటు నడిపాడు. మా బడికి నీడనిచ్చిన నిద్రగన్నేరుకూ, పొలం గట్ల మీది గ్లైరిసిడియాకూ పేరు వెనుక బ్రాకెట్లలో ఉన్నది ఆ 'జాక్.' ముక్కే.

సున్నపురాయి దగ్గర ఆవిడ ఆవులించింది గాని, గెల పట్టుకుని నిలబడ్డ నాన్నగారి ఫొటో ఫోనులో చూపించగానే కళ్లద్దాలు సర్దుకుని, ఆ పండు తినవచ్చునా, ఒక గెల ఎంత బరువుంటుందని అడగసాగింది. మేము లేచేసరికి వాన పూర్తిగా వెలిసింది.

రాత్రి నాన్నగారికి ఫోను చేసి ఆ పేరు ఎవరిదో చెప్పాను. ఆయన కాసేపు విని, "పేరు పెట్టాడు సరే, ఆ మట్టల ముళ్ల మధ్య నుంచి గెల ఎట్లా కోయించాడో ఎక్కడన్నా రాశాడట్రా?" అన్నారు.