గేటు పడింది మాస్టారూ

వేటపాలెం స్టేషను పక్కన గేటుకి అవతల మా ఇల్లు, ఇవతల బడి. ఆరో తరగతి నుంచి పది దాకా, అంటే 1978 నుంచి 83 వరకు, ఆలస్యమైన ప్రతిసారీ నేను చెప్పింది ఒకటే ముక్క: "గేటు పడింది మాస్టారూ." సగం సార్లు నిజమే. మిగతా సగం ఇప్పుడు ఒప్పుకున్నా బెత్తం పట్టుకునేవాళ్లెవరూ లేరు.

విజయవాడ నుంచి మద్రాసు పోయే మెయిన్ లైను అది. మా ఊళ్లో ఆగేది ఎక్కువగా పాసింజరు బండ్లే. కోరమాండల్ అయితే మా స్టేషను ఒకటుందని కూడా చూసేది కాదు. దుమ్మూ చిత్తుకాగితాలూ దాని వెంటబడి కాస్త దూరం ఉరికి, ఇక లాభం లేదని ఆగిపోయేవి.

రైలు జాడే లేదు, అప్పుడే గేటెందుకేశావని జనం గొణిగేవాళ్లు. గేటు తాత వినిపించుకునేవాడు కాదు. ఫోను మోగగానే లేచి చక్రం తిప్పేవాడు. రెండు పక్కలా గేట్లు కిందికి దిగేవి. తాళం వేసి, లోపలికెళ్లి స్టేషను మాస్టరుకి ఫోన్లో రెండంకెల నంబరొకటి చెప్పి, పుస్తకంలో రాసుకునేవాడు. ఆ నంబరు అందితేగానీ అక్కడ సిగ్నలు ఇవ్వరట. "ఏం నంబరు తాతా?" అంటే, "ప్రైవేటు నంబరురా. నాకూ మాస్టరుకీ మధ్యది" అనేవాడు. వారం రోజులు గుమ్మం దగ్గర కాపుకాసినా మా చెవిన పడనివ్వలేదు.

బండొచ్చేటప్పుడు పచ్చజెండా చేత్తో పట్టుకుని, ఎర్రది చుట్టి చంకలో పెట్టుకుని నిలబడేవాడు. మేం ఇంజను కోసం ఎగబడితే అతని చూపు చక్రాల మీద, ఆ తర్వాత ఆఖరి పెట్టె మీద. దాని వెనక గుర్తు కనబడితేనే బండి మొత్తం పోయినట్టట. నడుమ తెగి నాలుగు పెట్టెలు ఎక్కడో ఉండిపోతే? ఆ మాట విన్నాక మేమూ ఆఖరి పెట్టె చూడకుండా కదల్లేదు.

1980 నాటికి రైలు లైనుకి కరెంటు వచ్చింది. ఇరవై అయిదు వేల వోల్టుల తీగలు కదా, కింద పోయే బండ్ల ఎత్తు చూడాలని గేటుకి రెండు వైపులా రోడ్డుకి అడ్డంగా 4.67 మీటర్ల ఎత్తున కమ్మీ బిగించారు. అక్కడ గడ్డి బండ్లకి కష్టాలు మొదలు. ఒక సంక్రాంతి ముందు నిండా వరిగడ్డి వేసిన బండి కమ్మీకి తగులుకుంది. పైన మోపులు దించితేగానీ వదలనన్నాడు తాత. "మా నాయన కాడి నుంచీ ఇట్టాగే పోతన్నాం" అని ఆసామి. ఎద్దులు మాత్రం తీరిగ్గా నెమరేసుకుంటున్నాయి. చివరికి మేమే ఎక్కి మోపులు దించాం. ఆ రోజు నేనేమీ చెప్పకముందే, జుట్టులో గడ్డిపోచలు చూసి "గేటా?" అన్నారు మాస్టారు.

గూడ్సొస్తే పందెం. పెట్టెలు సరా, బేసా? ఓడినవాడు జీడిపప్పు బద్ద ఇవ్వాలి. మా వీధిలో జీడిగింజలు కొట్టే ఇళ్లు చాలానే ఉండేవి, బద్దలకి కరువులేదు.

ఒకరోజు లెక్కల మాస్టారు కూడా సైకిలుతో గేటు దగ్గర ఇరుక్కున్నారు. ఊరుకుంటారా? "రైలు స్తంభాన్ని దాటితే రైలు పొడవు చాలు. ప్లాట్‌ఫారాన్ని దాటితే రెండూ కలపాలి. ఇప్పుడు చూడండి" అని కరెంటు స్తంభం వైపు వేలు చూపించారు. ఇంజను ముక్కు స్తంభం దగ్గరికి రావడం, ఆఖరి పెట్టె తోక దాన్ని విడిచిపోవడం చూశాక, నల్లబల్ల మీద నెలరోజులుగా ఎక్కనిది అప్పుడెక్కింది.

తర్వాత గూడ్సొచ్చింది. మాస్టారు "సరి" అన్నారు, నేను "బేసి" అన్నాను. నాకు నలభై ఒకటి వచ్చాయి, ఆయనకి నలభై రెండు.

"గార్డు పెట్టె వదిలేశావురా."

"దాంట్లో సరుకుండదు కద సార్!"

తగువు తెగకముందే తాత గేటెత్తేశాడు. మాస్టారు నా చేతిలో బద్ద తీసి నోట్లో వేసుకుని సైకిలెక్కారు. అప్పుడు నా పక్కన లెక్కపెట్టిన మిత్రులెవరైనా ఈసారి కలిసినప్పుడు చెప్పండి, గార్డు పెట్టె లెక్కలోకి వస్తుందా, రాదా?